తక్కెడ దిగని సర్వాధికారి

సింధూరకోట తూర్పు ద్వారం ముందు నిలబడేసరికి పేరిశెట్టి చేతిలో ఉన్నది ఇంతే. ఒక కుంటి ఎద్దు, దాని వీపున సగం ఖాళీ అయిన సాంబ్రాణి గోతం, గోతం మీద వెదురు పంజరం, పంజరంలో ఒక గోరింక, పక్కన కోడలి వేషంలో నడుస్తున్న వకుళ అనే పిల్ల. ఈ సరంజామాతో అతడు కదంబసీమను ఏలుతున్న సర్వాధికారి మీద నేరం మోపడానికి వచ్చాడు. ఇంత చిన్న పెట్టుబడితో ఇంత పెద్ద బేరానికి అతడెన్నడూ దిగలేదు.

ద్వారపాలకుడు పంజరంలోకి ఈటె మొన పోనిచ్చి, "ఇది మాట్లాడుతుందా?" అన్నాడు.

"తిడుతుంది దొరా. అందుకే ఎవరూ కొనడం లేదు."

గోరింక మెడ పక్కకు వాల్చి భటుణ్ణి పరిశీలనగా చూసి, "ఆయుధం తియ్యి, మూర్ఖుడా," అంది.

మిగతా భటులు పగలబడి నవ్వారు. తిట్టు తిన్నవాడు కూడా నవ్వక తప్పలేదు. "సర్వాధికారివారి తులాభారం రోజు కాబట్టి బతికిపోయావు, సెట్టీ. పో," అని ఈటె పక్కకు తీశాడు.

ద్వారం నీడలోకి రాగానే గోరింక ఈకలు విదిల్చుకుని, "సాంబ్రాణి ఘాటుకు దగ్గు వస్తోంది. ఆ గోతం మూతి కట్టవయ్యా," అని విసుక్కుంది.

ఆ గోరింక మొన్నటి వరకు కదంబసీమ ధర్మాధికారి, కేశవభట్టు. ముసలి మహారాజు మంచం పట్టాక రాజముద్ర ఉన్న ఉంగరం తన వేలికి తొడుక్కుని రాజ్యం నడుపుతున్న సర్వాధికారి ఘనసేనుడు, ఏతాలపాడు అనే ఊరిని భస్మాక్షుడనే మాంత్రికుడికి ధారపోశాడు. అది ధర్మం కాదని కేశవభట్టు నిండు సభలో అన్నాడు. అదే సాయంత్రం భస్మాక్షుడు చిటికెడు బూడిద ఆయన మీద చల్లాడు. తరువాత ఒక వేటగాడి వలలో తిడుతూ కనిపించిన పక్షిని పేరిశెట్టి ఒక సాంబ్రాణి ముద్దకు మార్చుకున్నాడు.

ఏతాలపాడు వాళ్లు ఊరు వదలడానికి ఒప్పుకోలేదు. మాంత్రికుడు ఊరి మొత్తాన్ని రాళ్లు చేశాడు. తేనె కోసం అడవికి పోయిన వకుళ ఒక్కతే మిగిలింది.

కోటలోపల వీధులన్నీ పెళ్లికూతుళ్లలా ఉన్నాయి. మేడల మీంచి కుసుంబా ఎరుపు పట్టుబట్టలు జారుతున్నాయి. అరుగుల మీద ముత్యాల ముగ్గులు, గడపలకు పచ్చి మామిడాకుల దండలు, గంధపు నీళ్లు చల్లిన బాటల మీద ఏనుగుల అడుగుజాడలు. నాట్యకత్తెల అందెల మోతకు కొమ్ముబూరల మోత తోడై, ఎండ కూడా తాళం వేస్తున్నట్టుంది. ఆ సంబరం నడుమ నుంచి బండ్ల వరుస ఒకటి మెల్లగా సాగుతోంది. బండ్లలో గడ్డి కప్పిన రాళ్లు.

ఒక బండి గతుకులో పడి గడ్డి పక్కకు జారింది. నెత్తిన బిందెతో, ఒక చెయ్యి బిందెకు ఆనించి ఉన్న ఆడమనిషి రాయి కనిపించింది.

వకుళ అడుగు ఆగిపోయింది. "మా అమ్మ," అంది.

పేరిశెట్టి ఆమె భుజం పట్టుకుని నడిపించాడు. "ఏడవకు తల్లీ. ఏడిస్తే ఎవరో ఒకరు ఎందుకని అడుగుతారు."

"ఎక్కడికి తీసుకుపోతున్నారు?"

బజారు చివర భస్మాక్షుడి కోసం కడుతున్న బురుజు, దాని పునాది గుంత, గుంత గట్టున సమ్మెటలతో కూర్చున్న రాతిపనివాళ్లు కనబడుతున్నారు. చెప్పవలసిన అవసరం లేకపోయింది. తులాభారం ముగిసిన డోలు మోగగానే రాళ్లు పగలగొట్టి పునాదిలో వేయాలని సర్వాధికారి ఆజ్ఞ.

"ముగిసేదాకా ఎందుకు ఆగుతున్నారు?" అంది వకుళ.

"తూకపు పళ్లెంలో ఉన్నంతసేపు ఆయన ఆజ్ఞ నడవదు గనక," అంది పంజరంలోంచి గోరింక.

ఎద్దును ఒక పందిరి కింద నిలిపి పేరిశెట్టి పంజరానికి చెవి ఒగ్గాడు. "భట్టుగారూ, నాకు సూటిగా చెప్పండి. ఏలుతున్నవాడి మీద, ఏలుతుండగానే, నేరం మోపడానికి చట్టం ఒప్పుకుంటుందా?"

"ఉంగరం వేలికి ఉన్నంతకాలం ఏ న్యాయస్థానమూ వినదు. మహారాజు వినాలి. ఆయన మనుషుల్ని గుర్తుపట్టే స్థితిలో లేడు."

"అయితే నన్ను ఇంత దూరం ఎందుకు నడిపించారు?"

"చివరిదాకా వినే అలవాటు మీ వర్తకులకు ఉండదు. ఈ కోటకంటే ముందు ఇక్కడ సంత ఉండేది. గద్దె ఎక్కబోయేవాణ్ణి వర్తకులు తూచి చూసి ఎక్కించారు. అందుకే ఏటా తూనిక. తూకానికి కూర్చునేవాడు ఒంటి మీది నగలన్నీ తీయాలి, ముద్రుంగరంతో సహా. ఆ కాస్సేపు ఆయన సరుకు. తక్కెడ పట్టిన తులాధారి చెయ్యెత్తి 'నిలుపు' అంటే తూనిక ఆగుతుంది, అభియోగం వినాలి. తీర్పు వచ్చేదాకా ఉంగరం తిరిగి వేలికి ఎక్కదు, అంతదాకా రాళ్లూ పగలవు."

"తులాధారి అంటే కొమ్మన కదా." పేరిశెట్టి ముఖం విప్పారింది. "నేనూ వాడూ ఒకే బిడారులో ఎడ్లు తోలినవాళ్లం."

"రెండు మాటలు గుర్తుంచుకో. ఆపదలచిన తులాధారి తూనికకు ముందే మణికట్టుకు పచ్చి నూలు కట్టుకోవాలి. కట్టుకున్నవాడు వెనక్కి పోరాదు. రెండోది, ఆ రోజు ఎవరినీ మోసం చేయని చెయ్యి అయి ఉండాలి. మచ్చపడ్డ చేతితో 'నిలుపు' అంటే గాలికి అన్నట్టే."

కొమ్మన ఇల్లు తూనిక మండపానికి ఆనుకునే ఉంది. వకుళనూ పంజరాన్నీ వీధిలో ఎద్దు దగ్గర ఉంచి పేరిశెట్టి ఒక్కడే లోపలికి వెళ్లాడు. కొమ్మన వసారాలో తక్కెడ గొలుసులకు చింతపండు పెట్టి తోముతున్నాడు. పాత స్నేహితుణ్ణి చూసి చేతులు తుడుచుకోకుండానే కౌగిలించుకున్నాడు.

సంగతంతా విన్నాక మాత్రం అరుగు మీద కూలబడ్డాడు. "పేరీ, నువ్వు నా ఇంటికి ఎప్పుడొచ్చినా ఏదో ఒకటి అంటగట్టే పోతావు. కిందటిసారి కుంటి గుర్రం. ఈసారి ఉరికొయ్య."

"అంతా విన్నావు కదా. మనుషులురా. బండ్లలో పోతున్నవి రాళ్లు కావు."

"నాకు వినబడింది." కొమ్మన గొలుసుకు అంటిన చింతపండు తుడిచాడు. "మా ఆవిడకు తెలిస్తే ఆవిడ చంపుతుంది. తెలియకపోతే సర్వాధికారి చంపుతాడు. ఉండు, అంగీ తొడుక్కుని వస్తాను. వచ్చాక చెబుతాను."

పేరిశెట్టి వసారాలో ఒంటరిగా మిగిలాడు. వర్తకంలో అతడు దేన్నీ నమ్మలేదు గాని ఒక సూత్రాన్ని నమ్మాడు: అవతలివాడి నోట 'కాదు' అనే మాట రానివ్వకూడదు. వచ్చిందంటే బేరం చచ్చినట్టే. 'వచ్చాక చెబుతాను' అన్నవాడు 'కాదు' అనే చెబుతాడని, లోపలికి పోయేది మాట కూడగట్టుకోవడానికేనని, అతడు వంద సంతల్లో చూశాడు. దారిదొంగల కోసం బిడారులవాళ్లు దాచుకునే మత్తు పొడి అతడి రొండిన ఉంది. ఆ పొడి వేసి తమలపాకు మడిచేటప్పుడు అతడు ఒక్కసారి కూడా ఆగి ఆలోచించలేదు. ఆ సంగతే తరువాత అతణ్ణి ఎక్కువ బాధించింది.

కొమ్మన పొడుగు చేతుల తెల్లని అంగీతో బయటికి వచ్చాడు. ముఖంలో ఏదో తేలికదనం ఉంది. "పేరీ, నేను..."

"ముందు తాంబూలం వేసుకో. మాట ఎక్కడికి పోతుంది?"

"అది కాదురా, నేను చెప్పేది..."

"నా చేతి తాంబూలం కాదంటావా?"

కొమ్మన నవ్వి నోట్లో వేసుకున్నాడు. నాలుగుసార్లు నమిలేలోగా కళ్లు బరువెక్కాయి. పేరిశెట్టి పట్టుకుని మంచం మీద పడుకోబెట్టాడు. మెలకువ వస్తే లేచి వస్తాడని ఎద్దు మీది సామాను తాడు తెచ్చి కాళ్లకు కట్టాడు. కొమ్మన బదులు తానే తక్కెడ పట్టాలని, మచ్చ సంగతి ఎవరికీ తెలియదని అనుకుంటూ అతడి అంగీ విప్పాడు.

కుడి చెయ్యి బయటికి రాగానే మణికట్టుకు తెల్లని పచ్చి నూలు కనిపించింది. ముడి అప్పుడే వేసినట్టు కొసలు ఇంకా తడిగా ఉన్నాయి.

పేరిశెట్టి కొమ్మన చెంపల మీద తట్టాడు. ముఖాన నీళ్లు చల్లాడు. "కొమ్మనా, లేరా. లేచి అనరా ఆ మాట." కొమ్మన ఊపిరి నిండుగా, శాంతంగా వస్తోంది. మండపంలో మొదటి కొమ్ముబూర మోగింది.

ఇక చేయగలిగింది ఒక్కటే కనిపించింది. నూలు విప్పి తన మణికట్టుకు కట్టుకున్నాడు. అది అగ్గిలో కాల్చిన తీగలా అనిపించింది. అంగీ తొడుక్కున్నాడు. ఊపిరి తగిలి పళ్లెం కదలకూడదని తులాధారి ముఖానికి గుడ్డ కట్టుకోవడం ఆచారం. ఆ గుడ్డ అతణ్ణి లోకం నుంచి దాచింది.

బయట వకుళ ఆత్రంగా చూసింది. "ఒప్పుకున్నారా?"

"ఒప్పుకున్నాడు. తనకు ఒంట్లో బాగాలేదు, నన్ను పొమ్మన్నాడు," అన్నాడు పేరిశెట్టి, ఆమె కళ్లలోకి చూడకుండా. "నువ్వు పంజరం తీసుకుని జనంలో ముందు వరసకు రా."

గోరింక మాత్రం మెడ వంచి అతడి మణికట్టు వైపు చూసింది.

తూనిక మండపం వెయ్యి కళ్లతో చూస్తోంది. ఎర్రచందనపు తక్కెడ కాడికి ఇటొకటి అటొకటి కంచు పళ్లేలు, ఒక్కొక్కటి ఏనుగు చెవంత వెడల్పు. గొలుసుల నిండా చిరుగంటలు. కుడివైపు బంగారు దిమ్మెలు గుట్టగా పోసి ఉన్నాయి. ఎడమవైపు నెమలి పింఛాల గొడుగు కింద భస్మాక్షుడు నిలబడ్డాడు. ఒళ్లంతా బూడిద, రెప్పలు వాల్చని కళ్లు మాత్రం రాజేసిన బొగ్గుల్లా ఉన్నాయి.

సర్వాధికారి ఘనసేనుడు పల్లకీ దిగాడు. పచ్చల హారాలు, కెంపుల భుజకీర్తులు, సింహముఖపు కడియాలు ఒక్కొక్కటే తీసి వెండి పళ్లెంలో వేశాడు. చివర ముద్రుంగరం తీశాడు. తీసిన వేలు తెల్లగా, ఎండ ఎరగని మొలకలా ఉంది. నవ్వుతూ వచ్చి తక్కెడలో కూర్చున్నాడు. చిరుగంటలు మోగాయి.

వర్తక శ్రేణి పెద్ద, తెల్ల గడ్డం మనిషి, ఆచారం ప్రకారం ముందుకు వచ్చి అడిగాడు. "తులాధారీ, ఈ రోజు నీ చెయ్యి శుద్ధమేనా?"

'శుద్ధం' అనాలి. అని, చెయ్యెత్తి, 'నిలుపు' అనాలి. మోసం సంగతి ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు, అందులో ఒకడు నిద్రలో ఉన్నాడు. పేరిశెట్టి జనం తలల మీదుగా చూశాడు. బిందె ఎత్తుకున్న రాయిని గుంత గట్టున దించారు. సమ్మెటలవాళ్లు లేచి ఒళ్లు విరుచుకుంటున్నారు. ముందు వరసలో వకుళ పంజరాన్ని గుండెకు ఆనించుకుని అతడి మాట కోసం చూస్తోంది. గాలికి అన్న మాట అయితే ఆమెకు మిగిలేది కంకర.

ఏ బేరంలోనూ రానివ్వని మాట అతడి నోటే వచ్చింది.

"కాదు."

పేరిశెట్టి ముఖం మీది గుడ్డ విప్పాడు. "నేను కొమ్మనను కాను. సాంబ్రాణి వర్తకుణ్ణి, పేరిశెట్టిని. కొమ్మనకు మత్తు పెట్టి ఈ అంగీ దొంగిలించాను. ఈ చెయ్యి మచ్చపడ్డ చెయ్యి."

ఘనసేనుడు ఫక్కున నవ్వాడు. "వీడి సంగతి తరువాత చూద్దాం," అని పళ్లెం అంచు పట్టుకుని లేవబోయాడు.

"కూర్చో," అంది ఒక గొంతు.

అందరూ వెతికారు. పంజరంలో గోరింక ఒంటికాలి మీద నిలబడి, సభలో తీర్పు చదివే ముందు కేశవభట్టు దగ్గే దగ్గు దగ్గింది. ఆ దగ్గు ఎరగనివాడు సింధూరకోటలో లేడు.

"తూనికలో మోసం బయటపడితే పళ్లెంలో సరుకు కదలరాదు. శుద్ధమైన తులాధారి వచ్చి తిరిగి తూచేవరకు అది అక్కడే ఉండాలి. తూకం తేలకుండా దిగినవాడికి ఉంగరం తిరిగి ఇవ్వరాదు. ఘనసేనా, ఇది నువ్వు ఉంగరం తొడుక్కున్న నాడు నీ ఎదుట చదివిన మాటే. చదివింది ఈ గొంతే."

"పక్షి మాట చట్టమా?" అన్నాడు ఘనసేనుడు. కాని కాలు మాత్రం నేల మీద మోపలేదు.

శ్రేణి పెద్ద వెండి పళ్లెం ఎత్తుకుని తన పంచె కొంగుతో కప్పాడు. "మాట పక్షిది కాదు దొరా, శ్రేణిది. దిగాలనుకుంటే మిమ్మల్ని ఎవరూ పట్టుకోరు. ఉంగరం మాత్రం మా దగ్గరుంటుంది." గుంత దగ్గర సమ్మెటలవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని తిరిగి కూర్చున్నారు.

పెద్ద పేరిశెట్టి వైపు తిరిగాడు. "మచ్చపడ్డవాడు బతికుండగా మళ్లీ తక్కెడ ముట్టరాదు. తెలుసా?"

"తెలుసు."

"అసలు తులాధారి ఎక్కడ? నిజం చెప్పు. చెప్పకపోతే నువ్వన్న 'కాదు' కూడా చెల్లదు."

గొడుగు కింద బొగ్గుల కళ్లు అతడి మీద వాలాయి. చెబితే ఎవరు వింటారో పేరిశెట్టికి తెలుసు. చెప్పకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. ఆ ఉదయం రెండోసారి అతడు కొమ్మనను అమ్మాడు, మొదటిసారి అబద్ధం కోసం, ఈసారి నిజం కోసం. "తన ఇంట్లోనే. వసారాలో మంచం మీద. కాళ్లకు తాడు కట్టి ఉంది."

మాట పూర్తి కాకముందే నెమలి గొడుగు నేల పడింది. బూడిద సుడి తిరిగి లేచింది. అందులోంచి పూరిపాక అంత రాబందు రెక్కలు చాచి కొమ్మన ఇంటి వైపు దూసుకుపోయింది.

పేరిశెట్టి పరుగు తీశాడు. వకుళ అతడి వెంట పరుగెత్తింది. "కొమ్మనగారు ఒప్పుకున్నారన్నారు మీరు."

"ఒప్పుకున్నాడు తల్లీ. నేనే వినలేదు."

"మిమ్మల్ని నమ్మి మా అమ్మను తక్కెడలో పెట్టాను," అంది వకుళ. గొంతులో కోపం లేదు. అదే అతడికి ఎక్కువ తగిలింది.

"నువ్వు వెనక్కి పో. ఆ పళ్లేన్నీ ఆ ఉంగరాన్నీ కనిపెట్టుకుని ఉండు. కొమ్మనను వాడు చంపడు. చంపితే శ్రేణి ఇంకొకణ్ణి ఎన్నుకుంటుంది. తానుండే ధూమ్రగిరికి ఎత్తుకుపోయి, మందు పెట్టి, 'తూకం సరిగానే ఉంది' అనే బొమ్మను చేసి తెస్తాడు. తెచ్చేలోగా నేను తేవాలి."

"నమ్మమంటారా?"

"వద్దు. కాపలా ఉండు చాలు."

ఆమె ఆగి, వెనుదిరిగింది.

వసారా కప్పు పెంకులు వానలా రాలుతున్నాయి. రాబందు పైకి లేచింది. గోళ్ల మధ్య కొమ్మన, నిద్రలో పిల్లాడిలా తల వాల్చి ఉన్నాడు. అతడి కాళ్లకు కట్టిన సామాను తాడు కొస గాలిలో తోకలా ఊగుతోంది. పేరిశెట్టి ఎద్దు వీపెక్కి, సాంబ్రాణి గోతం మీద కాలు మోపి, గాలిలోకి ఎగిరాడు. చేతికి తాడు చిక్కింది. అరచేతుల తోలు లేచింది. పట్టు వదల్లేదు. కుంటి ఎద్దు కిందనే చిన్నదై, వీధి చిన్నదై, కోట మొత్తం సింధూరపు బొట్టంత అయింది. ముందు ధూమ్రగిరి నల్లని పొగలో తలెత్తుకుని నిలబడి ఉంది. రాబందు మెడ తిప్పి కిందికి చూసి, ముక్కుతో తాడు అందుకోబోయింది. అందలేదు. మళ్లీ వంగింది.

ఊగుతూ, ఒళ్లు పట్టు తప్పకుండా ఉండటానికి, పేరిశెట్టి అలవాటు ప్రకారం లెక్క వేసుకున్నాడు. ఎద్దు పోయింది, సాంబ్రాణి పోయింది. తక్కెడ పట్టే హక్కు పోయింది, దాంతో వర్తకుడనే పేరూ పోయింది. వకుళ నమ్మకం పోయింది. వచ్చినవాటి వైపు, సర్వాధికారి తక్కెడలో ఇరుక్కుని ఉన్నాడు, రాళ్లు ఇంకా రాళ్లుగా ఉన్నాయి, మనుషులు కావడానికి ఇంకా వీలుంది. చేతిలో ఉన్నది తను కట్టిన తాడే. మణికట్టుకు ఉన్నది తనది కాని నూలు.

పైనుంచి చల్లగాలి తగిలి కొమ్మన మూలిగాడు. కళ్లు తెరవలేదు. మధ్యలో తాంబూలం అడ్డం పడ్డ మాటను, ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే అందుకున్నాడు.

"...నేను ఆపుతానురా, పేరీ. నూలు కట్టుకునే వచ్చాను."

పేరిశెట్టి దాన్ని కూడా వచ్చినవాటి వైపు వేసుకుని, తాడు మరో చుట్టు చేతికి చుట్టుకుని, రాబందు ముక్కు మూడోసారి వంగేలోగా పైకి పాకడం మొదలుపెట్టాడు.